ఎడమవాలు కోత

మా అత్తయ్య నాకు మట్టిపాత్రల చెక్కుడు మొదట ముల్లంగి మీద నేర్పింది. మట్టి పాడుచెయ్యడానికి వీల్లేదంది. ముల్లంగిని అడ్డంగా కోసి, ఆ బిళ్ళ మీద సన్నటి కత్తితో చిల్లులు చెయ్యాలి. చిల్లుకీ చిల్లుకీ మధ్య అగ్గిపుల్లంత గోడ మిగలాలి. మిగిలేది కాదు. ఆ ముక్కలన్నీ సాయంత్రం సోయా ముద్ద కలిపి కాచే మిసో చారులో పడేవి. నేను కాపురానికి వచ్చిన మొదటి చలికాలమంతా ఈ ఇంట్లో తూట్లు పడిన ముల్లంగే తిన్నారు.

"ఇవాళ చారులో కూడా వల వేశావా సాయో? మీ నాన్న బుద్ధి ఎక్కడికి పోతుందిలే," అనేవాడు మా ఆయన కెన్సాకు. మా నాన్న సముద్రంలో చేపలు పట్టేవాడు.

అత్తయ్య నవ్వేది కాదు. తినే పుల్లలతో ముక్కని పైకెత్తి, దీపానికి అడ్డం పెట్టి చూసి, "ఇక్కడ తెగింది, ఇదిగో ఇక్కడ కూడా," అని చెప్పి అప్పుడు నోట్లో వేసుకునేది.

మా కొండ ఊళ్ళో కుమ్మరి సారె మగవాళ్ళది, చెక్కుడు ఆడవాళ్ళది. ఆడవాళ్ళందరిదీ కాదు, కోడలిది. కూతురు ఇంకో ఇంటికి పోతుంది, పోతూ పోతూ చేతిలో పని కూడా పట్టుకుపోతుంది. అందుకని కూతుళ్ళని చెక్కుడు గది గడప తొక్కనివ్వరు. కోడలైతే ఎక్కడికీ పోదు, పంపిస్తే తప్ప.

ఆ పంపించడం అనే మాట దగ్గరే నా ప్రాణం కొట్టుకులాడేది. ఊరి కార్యాలయం కుటుంబ చిట్టాలో ఈ ఇంటి కింద నా కూతురు నజునా పేరు ఎక్కింది. నా పేరు ఎక్కలేదు. "ఒక మంచి పాత్ర నీ చేతిలో నిలవనీ, అప్పుడు రాయిద్దాం," అంది అత్తయ్య. ఇంటి తీరుకి కుదరని కోడల్ని వెనక్కి పంపితే పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. తల్లి ఒక్కతే బస్సెక్కుతుంది. పక్క లోయలో అలా ఎక్కినావిడని నేను చూశాను. కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆమె కిమోనో ముందుభాగం పాలతో తడిసి ఉంది. ఆమె దాన్ని తుడుచుకోవడం కూడా లేదు.

నేను బడి మధ్యలో మానేసినదాన్ని. అమ్మ మంచం పడితే తమ్ముళ్ళని చూసుకోవడానికి మాన్పించారు. చేపలు ఎండబెట్టి తిప్పడం తప్ప నాకే పనీ రాదు. ఈ ఇంట్లో నిలబడాలంటే చెక్కుడు రావాలి. నా పిల్ల దగ్గర నేనుండాలంటే చెక్కుడు రావాలి.

చెక్కుడు గది చిన్నది. ఉత్తరం వైపు కిటికీ, తడిగుడ్డలు, నీళ్ళ గిన్నె, విరిగిన గొడుగుల ఊచల్ని సానబెట్టి చేసుకున్న కత్తులు. మా ఆయన సారె మీద తీసిన పాత్ర పదునుకి వచ్చాక ఇక్కడికి వస్తుంది. పచ్చిగా ఉంటే గోడలు కూలిపోతాయి, ఆరిపోతే పెళుసుగా రాలతాయి. మధ్యలో ఉన్న ఆ కాస్త పదునులోనే పనంతా అయిపోవాలి. కుంచెతో గీతలు గీసి, సూదితో బెజ్జం పొడిచి, కత్తిని నీళ్ళలో ముంచి లోపలికి దించి గీత వెంట తిప్పాలి. ఇటొక చిల్లు చేస్తే తర్వాతది అటువైపు చెయ్యాలి. వరసగా పక్కపక్కనే చేసుకుపోతే పాత్ర ఒక పక్కకి ఒరుగుతుంది.

"ఊపిరి బిగపట్టు," అనేది అత్తయ్య. "కత్తి దిగిన దగ్గర్నుంచి పైకొచ్చేదాకా ఊపిరి తియ్యకు. ఊపిరి తీస్తే భుజం కదులుతుంది. భుజం కదిలితే గోడ పోతుంది."

అదే నాకు చేతకాలేదు. నజునా పక్కగదిలో పడుకుని ఉండేది. పుట్టినప్పటినుంచీ దాని గుండెల్లో పిల్లికూతలే. నేను ఊపిరి బిగపట్టగానే ఆ కూత వినపడేది. వినపడకపోతే ఇంకా భయం. కత్తి అక్కడే వదిలేసి పరిగెత్తి, దాని ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. వెచ్చగా తగిలేది. తిరిగొచ్చేసరికి గోడ తెగి ఉండేది, అత్తయ్య చెయ్యి చాపి ఉండేది. పాడైన పాత్రని ఆ చేతిలో పెట్టాలి. ఆమె దాన్ని బురద తొట్లో ముంచేది. కాల్చని మట్టి కదా, చూస్తుండగానే కరిగిపోయేది.

"పిల్ల ఎక్కడికీ పారిపోదు," అనేది. "మట్టి పారిపోతుంది."

అత్తయ్య కళ్ళకి అప్పటికే పొర కమ్ముతోంది. అందుకే నాకు నేర్పడం, లేకపోతే ఇంకో పదేళ్ళు ఆ కత్తులు వదిలేది కాదు. నా పని చూడటానికి చిటికెనవేలు చిల్లులో పెట్టి తిప్పేది.

"మన ఇంటి కోత కుడికి వాలుతుంది. ఇదిగో, లోపలి అంచు. మా అత్తగారిదీ అంతే, ఆవిడ అత్తగారిదీ అంతే. కళ్ళు పోయినా వేలికి తెలుస్తుంది."

మా ఆయన అక్క, హిసానో వదిన, ఇంటి వెనక మట్టిపాకలో ఉండేది. వాగు నీళ్ళకి రోకళ్ళు లేచి పడుతూ తెల్లరాయిని పొద్దస్తమానం పిండి కొడతాయి. ఆ పిండిని కడిగి, వడగట్టి, పిసికి ముద్దలు చెయ్యడం ఆమె పని. ఆమెకీ పెళ్ళైంది. పిల్లలు పుట్టలేదని ఆ ఇంటివాళ్ళు తిప్పి పంపారు. ఇంకెక్కడికీ పోయేది లేదని ఊరంతటికీ తెలుసు. అయినా చెక్కుడు గది గడప ఆమెకి దాటరాని గడపే.

"ఏం సాయో, ఇవాళ ఎన్ని మునిగాయి?" అని అడిగేది నన్ను చూడగానే.

"రెండు వదినా."

"పర్లేదు, మళ్ళీ నా దగ్గరికే వస్తాయి. నేను పిసకడం, తమ్ముడు తిప్పడం, నువ్వు చింపడం, మా అమ్మ ముంచడం. ఒకటే మట్టి తిరుగుతోంది ఈ ఇంట్లో. దానికి మన మొహాలు చూసి చూసి విసుగొచ్చి ఉంటుంది."

"నువ్వెప్పుడూ కత్తి పట్టలేదా?"

"ఏడేళ్ళప్పుడు పట్టాను, ఎడమచేత్తో. మా అమ్మకి రెండు కోపాలు ఒకేసారి వచ్చాయి. కూతురు కత్తి పట్టిందని ఒకటి, ఎడమచేత్తో పట్టిందని ఒకటి. దేనికి కొట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు." ఆమె నవ్వి కుడిచెయ్యి ఎత్తి చూపించింది. "ఇప్పుడు చూడు, తిండి దీంతోనే, కుట్టు దీంతోనే, రాత దీంతోనే. ఎంత బుద్ధిమంతురాలినో!"

నజునాకి ఆమె అంటే ప్రాణం. నడక రాకముందే పాక వైపు చేతులు చాపేది. ఆ దుమ్ము దాని గుండెకి మంచిది కాదని నాకు భయం. తీసుకొచ్చేస్తే ఏడుపు.

వానలు వెనకబట్టే వేళకి కొండవతల మఠం నుంచి కబురొచ్చింది. శరత్కాలంలో కాల్చే ఆవంలో ఒక ధూపపాత్ర కావాలట. పెద్దది, చుట్టూ జనపాకుల అల్లిక చెక్కినది. జనుము ఏపుగా పెరుగుతుందని, పిల్లలూ అలా పెరగాలని, పసిపిల్లల చొక్కాలకి వేసే అల్లికే అది. నజునా మొదటి చొక్కా మీద కూడా అదే ఉంది. ఆ గీతలు నేను కళ్ళు మూసుకుని గియ్యగలను.

"ఇది నువ్వే చెక్కాలి," అంది అత్తయ్య. "నిలిచిందా, మర్నాడే నీ పేరు రాయిస్తాను. నిలవలేదా, మీ సముద్రం ఎక్కడికీ పోలేదుగా."

నేను మా ఆయన వైపు చూశాను. "నేను చాలా తీశాను, అన్నీ బీటలిచ్చాయి. ఇదొక్కటే మిగిలింది. జాగ్రత్త సాయో," అన్నాడు. ఇంకేమైనా అంటాడేమో అని చూస్తూనే ఉన్నాను. అతను సారె తుడవడం మొదలుపెట్టాడు.

ఆ రోజు నజునాని పక్కగదిలో పడుకోబెట్టలేదు. వీపున కట్టుకుని కూర్చున్నాను. అత్తయ్య మూతి తిప్పింది గానీ వద్దనలేదు. అప్పుడు ఒకటి జరిగింది. దాని చిన్న రొమ్ము నా వీపుకి ఆని లేస్తూ పడుతూ ఉంటే నాకు విననక్కర్లేకపోయింది. అది ఊపిరి తీస్తోందని ఒంటికే తెలుస్తోంది. అది తీస్తుంటే నేను బిగపట్టగలిగాను. కత్తి దిగింది, తిరిగింది, పైకొచ్చింది. గోడ నిలిచింది. ఇటొకటి, అటొకటి. మధ్యాన్నానికి పాత్ర పై సగం జల్లెడలా వెలుతురు తాగుతోంది. అత్తయ్య వేలు పెట్టి చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఈ ఇంట్లో పెద్ద మెప్పు.

మర్నాడు మిగతా సగానికి కూర్చున్నాను. కాసేపటికి నా వీపు చెమర్చింది. నా చెమటే అనుకున్నాను. తర్వాత వీపు కాలడం మొదలైంది. ముడి విప్పి ముందుకి తీసుకుంటే పిల్ల తల వేలాడిపోయింది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది.

"ఎక్కడికి?" అంది అత్తయ్య.

"డాక్టర్ దగ్గరికి."

"నుదుటి మీద తడిగుడ్డ వెయ్యి. మిగిలింది చెక్కేసి వెళ్ళు. ఇంకో పూటకి ఆరిపోతుంది."

"కాలిపోతోంది అత్తయ్యా."

"పిల్లలన్నాక కాలతారు, చల్లబడతారు. నేను ముగ్గుర్ని కన్నాను."

"ముగ్గుర్నా?"

"ఒకడు పోయాడు." ఆమె గొంతు మారలేదు. "ఆ రోజు కూడా చెక్కాను."

నేను కత్తి నీళ్ళ గిన్నెలో పడేసి బయటికి నడిచాను. వెనక నుంచి, "సగం చెక్కినది నిలవదు. తెలిసే పోతున్నావు కదా," అంది.

తెలిసే పోయాను. పట్నంలో డాక్టర్ సూది పొడిచి, ఆవిరి పట్టి, ఆ రాత్రికి అక్కడే ఉంచమన్నాడు. తెల్లారి నజునా కళ్ళు తెరిచి "హిసా" అంది. హిసానో వదిన పేరు దానికి అంతవరకే వచ్చు. నాకు ఏడుపొచ్చింది, బతికినందుకో, నా పేరు పలకనందుకో. తిరుగు బస్సులో దాన్ని ఎంత గట్టిగా కట్టుకున్నానంటే పక్కన కూర్చున్న ముసలాయన "కాస్త వదులు చెయ్యమ్మా, ఊపిరాడాలి కదా," అన్నాడు. ఈ పాటికి పాత్ర ఎముకలా ఆరిపోయి ఉంటుంది. అత్తయ్య దాన్ని తొట్లో కూడా వేసి ఉంటుంది. రేపో ఎల్లుండో మళ్ళీ ఈ బస్సులోనే నేనొక్కదాన్నే, వీపు మీద ఏమీ లేకుండా.

ఇంట్లో అత్తయ్య లేదు. పాత్ర రాదని చెప్పి క్షమించమని అడగడానికి మఠానికి వెళ్ళిందట. చెక్కుడు గదిలోకి వెళ్ళాను. బల్ల మీద పాత్ర ఉంది. దాని మీద తడిపి పిండిన నజునా ఉచ్చగుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీశాను.

అల్లిక పూర్తయి ఉంది.

పూర్తవడమే కాదు. నేను చెక్కిన పై సగం పక్కన కింది సగం చూస్తే, పై సగం ముల్లంగి ముక్కలా ఉంది. కింది గోడలు దారాల్లా ఉన్నాయి, ఒక్కచోట తొట్రుపాటు లేదు. పై సగాన్ని కూడా ఎవరో అక్కడక్కడ దిద్దారు, నా పరువు పోకుండా.

పాకలో హిసానో వదిన మట్టి పిసుకుతోంది. ఆమె ఎడమచేతి చూపుడువేలికి కత్తి ఒత్తుకుని లేచిన కొత్త బొబ్బ. నేను ఆ వేలు చూశాను. ఆమె నేను చూడటం చూసింది.

"పిల్లెలా ఉంది?"

"తగ్గింది. వదినా, నువ్వు..."

"గుడ్డ ఉతికిందే, భయపడకు. పెద్ద తడిగుడ్డలన్నీ మా అమ్మ ఎత్తి దాచేసింది, ఆరిపోనీ అని."

"ఎలా వచ్చు నీకు?"

ఆమె ఆవం వెనక చెత్తకుప్ప వైపు తల ఊపింది. "పగిలిన ధూపపాత్రలన్నీ అక్కడే కదా పడేసేది. చిన్నప్పుడు ఆ చిల్లుల్లో వేళ్ళు పెట్టి తిప్పుకునేదాన్ని. కత్తి ఎటు వెళ్ళిందో వేలు కూడా అటే వెళ్తుంది. తర్వాత ఈ ముద్దల మీద చెక్కేదాన్ని, చెక్కి పిసికేసేదాన్ని. నాకెవరూ నేర్పలేదు. నేర్పలేదు కాబట్టి దిద్దనూ లేదు. తిండీ రాతా మార్చారు గానీ ఇదొక్కటి ఎడమచేతిలోనే మిగిలిపోయింది."

సాయంత్రం అత్తయ్య వచ్చింది. నేను పాత్రని ఆమె ముందు పెట్టాను. కెన్సాకు, వదిన గడప అవతల నిలబడ్డారు. అత్తయ్య చిటికెనవేలు పైచిల్లులో పెట్టింది, తిప్పింది. ఒక్కొక్కటే కిందికి దిగుతూ వచ్చింది. సగం దాటాక వేలు ఆగింది. మళ్ళీ తిప్పింది. ఆ పక్క చిల్లు, ఈ పక్క చిల్లు. లోపలి అంచులన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. ఎవరి వేలైనా పట్టగలదు.

నేను బురద తొట్టి వైపు చూశాను. ఆమె లేచి ముంచేస్తుందనుకున్నాను. వదిన కూడా అదే అనుకుందేమో, రెండు చేతులూ వెనక్కి దాచుకుంది, ఏడేళ్ళ పిల్లలా.

"బాగా చెక్కావు సాయో," అంది అత్తయ్య.

"నేను కాదు అత్తయ్యా. వదిన..."

"ప్రయాణం చేసి వచ్చావు, అలిసిపోయావు."

"నిజంగా నేను కాదు. నేను పట్నంలో ఉన్నాను కదా! వదిన చెక్కింది."

"కెన్సాకూ, పాత్రని నీడన పెట్టు. మఠానికి కబురు పంపు, నా కోడలు పూర్తి చేసిందని." అప్పుడు తల తిప్పి, పొర కమ్మిన ఆ కళ్ళతో సూటిగా గడప వైపు చూసింది. "ఏమే హిసానో, చెప్పు. ఎవరు చెక్కారు?"

ఆమె చెబితే బాగుండునని నేను ఎంత కోరుకున్నానో, చెప్పకపోతే బాగుండునని అంతే కోరుకున్నాను. నజునా నా ఒళ్ళో ఉంది.

"సాయోనే అమ్మా," అంది వదిన. "నేను చూశాను."

తర్వాత పాకలో ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "ఏడవకు. నువ్వు బస్సెక్కితే నీ కూతుర్ని నేనే కదా పెంచాలి. నాకంత ఓపిక లేదు," అని ముద్దని ఎత్తి బల్లకేసి కొట్టింది.

ధూపపాత్ర ఆవంలోంచి మచ్చ లేకుండా వచ్చింది. ఊరంతా వచ్చి చూసింది. అత్తయ్య మాట తప్పలేదు, నా పేరు రాయించింది. గొడుగు ఊచల కత్తులు గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. "నీ కోడలికి ఇవ్వు," అంది. "నీ కూతురికి కాదు."

ఆ తర్వాత అలాంటివే కావాలని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను చెక్కాను. తొట్లో మునిగాయి. ఒకరోజు అత్తయ్య పదునుకి వచ్చిన పాత్రని పలక మీద పెట్టుకుని, గుడ్డ కప్పి, గోడ తడుముకుంటూ తనే మట్టిపాకకి మోసుకెళ్ళింది. పాక కిటికీకి కొత్త కాగితం అతికించమని కెన్సాకుకి చెప్పింది, బయటికి కనపడకుండా. సాయంత్రం పాత్ర తిరిగొచ్చింది, అల్లికతో.

నాకు మాత్రం, "చెక్కుడు గది తలుపు తీసి కూర్చో. వచ్చినవాళ్ళకి కనపడాలి," అంది.

కూర్చుంటున్నాను. పట్నాల నుంచి వచ్చినవాళ్ళు నా చేతులకి ఫోటోలు తీసుకుంటారు. నేను గీతలు గీస్తాను, సూది పొడుస్తాను, వాళ్ళు వెళ్ళేదాకా కత్తి నీళ్ళలో ముంచుతూ ఉంటాను. ఎవరో పని తెలిసినాయన ఒకసారి లోపలి అంచు చూసి, ఈ ఇంటి కోత కుడికి కదా అని అడిగాడు. అత్తయ్య చిరునవ్వు నవ్వింది. "మా కొత్త కోడలి చేతి తీరు," అంది. "ఇకనుంచి ఇదే మా ఇంటి కోత." ఆచారం ఎక్కడా చెడలేదు. ఈ ఇంట్లో ఇప్పటికీ కోడలే చెక్కుతోంది.

"ఎన్నాళ్ళు వదినా ఇలా?" అని అడిగాను.

"కొట్టకుండా చెక్కనిస్తోంది కదా. ముప్పై ఏళ్ళు పట్టింది ఆ మాత్రానికి," అంది తల ఎత్తకుండా. నవ్వుతోందేమో అని వంగి చూశాను. నవ్వడం లేదు.

నజునా ఇప్పుడు పరిగెడుతోంది. గుండెల్లో పిల్లికూతలు తగ్గాయి. నేను తలుపు తీసిన గదిలో చేతులు చూపిస్తూ కూర్చుంటే అది ఎక్కడుంటుంది? పాకలోనే, వాళ్ళ మేనత్త మోకాలి పక్కన.

నిన్న సాయంత్రం వంటింట్లో ముల్లంగి తరుగుతున్నాను. వదిన పొయ్యి దగ్గర ఉంది. పక్కగదిలో అత్తయ్య దగ్గు వినపడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే నజునా నేల మీద కూర్చుని, ఒక బిళ్ళ ముందు పెట్టుకుని, వెదురుపుల్లతో చిల్లులు చేస్తోంది. ఇటొకటి, అటొకటి. పెదాలు బిగించి, ఊపిరి బిగపట్టి. పుల్ల దాని ఎడమచేతిలో ఉంది. అది ఎడమచేతి వాటం పిల్ల కాదు. చూసి నేర్చుకుంది.

పక్కగదిలో దగ్గు ఆగింది. గడ్డిచాప మీద అడుగుల చప్పుడు.

నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలీదు. దాని ఎడమచేతి మీద గట్టిగా పడింది. పుల్ల ఎగిరి పొయ్యి కిందకి పోయింది. పిల్ల వెంటనే ఏడవలేదు, చెయ్యి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత ఏడ్చింది.

"ఏమైంది?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"ఏం లేదు అత్తయ్యా. కత్తి దగ్గరికి వచ్చింది."

అత్తయ్య గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది. వదిన వంగి నేల మీది ముల్లంగి బిళ్ళని తీసింది. దీపం వైపు పట్టి చూసింది. చిల్లుల మధ్య గోడ ఒక్కటి కూడా తెగలేదు.

"అక్కడే," అంది నాతో, మెల్లగా. "సరిగ్గా ఆ చోటే కొట్టేది మా అమ్మ కూడా."

బిళ్ళని చారులో వేసి మూత పెట్టింది.